అభిరుచి కోసం డిజిటల్ కెమెరా: ఎంపిక, వెలుతురు లెక్క

ఈ పాఠం చదివిన తర్వాత మీరు డిజిటల్ కెమెరా వెలుతురును చిత్రంగా ఎలా మారుస్తుందో వివరించగలుగుతారు. మీ అవసరానికి, మీ దగ్గరున్న డబ్బుకు తగిన కెమెరాను ఎంచుకోగలుగుతారు. కెమెరాలోని మీటరు ఏ సందర్భాల్లో పొరబడుతుందో ముందే గ్రహించి సరిదిద్దుకోగలుగుతారు. మొదటి రెండూ ఒకసారి తెలుసుకుంటే చాలు. మూడోది కెమెరా చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ అవసరమవుతుంది. అందువల్ల ఆ భాగాన్ని విస్తారంగా ఇచ్చాం. కెమెరా ఇంకా కొననివాళ్లు కూడా దాన్ని వదిలేయకుండా చదవండి.

1. ఉపోద్ఘాతం

అమెరికాలోని కొడాక్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన స్టీవెన్ సాసన్ 1975లో ఒక డిజిటల్ కెమెరాను తయారుచేశాడు. చేతితో మోయగలిగిన డిజిటల్ కెమెరాల్లో దాన్నే మొదటిదిగా చెబుతారు. అడ్డంగా 100, నిలువుగా 100, మొత్తం 10,000 బిందువులతో అది నలుపు తెలుపు చిత్రం తీసేది. ఒక్కో చిత్రాన్ని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఇప్పుడు మీ జేబులోని ఫోను అంతకు వెయ్యి రెట్లకు పైగా బిందువులను రెప్పపాటులో నమోదు చేస్తోంది. మరి విడిగా కెమెరా ఎందుకు?

ఇది న్యాయమైన ప్రశ్న. పగటి వెలుతురులో, దగ్గరగా ఉన్న, కదలని వస్తువుకు మంచి ఫోను సరిపోతుంది. దూరంగా ఉన్న పక్షి, చీకట్లో జరిగే వేడుక, వేగంగా కదిలే ఆటగాడు ఎదురైనప్పుడు ఫోను చేతులెత్తేస్తుంది. వెలుతురును తన లెక్క ప్రకారం కాక మీ లెక్క ప్రకారం నమోదు చేయమని ఆదేశించాలన్నా ఫోనులో వీలు తక్కువ. ఈ ఇబ్బందుల్లో ఏదీ మీకు ఇంతవరకు ఎదురుకాకపోతే, కెమెరా కొనడం మరికొన్ని నెలలు వాయిదా వేయండి. ఆ డబ్బు ఎటూ పోదు.

2. సెన్సరు: అసలు తేడా ఎక్కడుంది?

ఫిలిం కెమెరాలో ఫిలిం ఉండే చోట డిజిటల్ కెమెరాలో సెన్సరు ఉంటుంది. దాని మీద లక్షల సంఖ్యలో సూక్ష్మమైన గదులు వరుసలుగా ఉంటాయి. కటకం గుండా వచ్చిన వెలుతురు ఒక్కో గదిలో విద్యుదావేశంగా మారుతుంది. ఎక్కువ వెలుతురు పడిన గదిలో ఎక్కువ ఆవేశం పోగవుతుంది. కెమెరా ఆ ఆవేశాలను కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఈ గదులకు స్వతహాగా రంగు తెలియదు. అందుకే వాటి మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలను అమరుస్తారు. కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన అమరికలో సగం గదులకు ఆకుపచ్చ, పావువంతుకు ఎరుపు, పావువంతుకు నీలం వడపోతలుంటాయి. మన కన్ను ఆకుపచ్చ ప్రాంతంలోనే సూక్ష్మమైన తేడాలను బాగా పసిగడుతుంది కాబట్టి దానికి రెట్టింపు వాటా ఇచ్చారు.

వాన కురుస్తున్నప్పుడు వాకిట్లో ఒక గంగాళం, ఒక చెంబు పెట్టారనుకోండి. కురిసే వాన ఒకటే అయినా గంగాళంలో చేరే నీళ్లు వేరు, చెంబులో చేరే నీళ్లు వేరు. సెన్సరు వైశాల్యం కూడా ఇలాగే పనిచేస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు ఉంటుంది. అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. అభిరుచి కోసం కొనేవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించే ఏపీఎస్-సీ సెన్సరు నికాన్, సోనీ కెమెరాల్లో సుమారు 23.5 × 15.6 మి.మీ. ఉంటుంది. కెనాన్‌లో అంతకంటే కొద్దిగా చిన్నది. చవకరకం చిన్న కెమెరాల్లోని సెన్సరు 6.2 × 4.6 మి.మీ. మాత్రమే. ఏపీఎస్-సీ వైశాల్యం దానికి దాదాపు 13 రెట్లు. చీకట్లో తీసిన ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే మచ్చలకు (వీటిని నాయిస్ అంటారు) పెద్ద కారణం తక్కువ వెలుతురు పోగవడమే.

మరి అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే మెగాపిక్సెళ్ల సంగతేమిటి? లెక్క మీరే వేసి చూడండి. అంగుళానికి 300 బిందువుల చొప్పున 6 × 4 అంగుళాల ప్రింటుకు 1800 × 1200, అంటే 21.6 లక్షల బిందువులు చాలు. గోడకు తగిలించే 12 × 8 అంగుళాల ప్రింటుకు 3600 × 2400, అంటే 86.4 లక్షలు. ఇది 9 మెగాపిక్సెళ్ల లోపే. పదేళ్ల కిందటి సాధారణ డీఎస్‌ఎల్‌ఆర్ కూడా దీన్ని దాటేసింది. కాబట్టి 24 మెగాపిక్సెళ్ల కెమెరాకు, 32 మెగాపిక్సెళ్ల కెమెరాకు మధ్య ఎటూ తేల్చుకోలేక ఆగిపోవలసిన పనిలేదు.

3. ఏ కెమెరా కొనాలి?

దుకాణంలోకి అడుగుపెట్టే ముందు ఒక కాగితం మీద మీరు తీయబోయే మొదటి 20 ఫొటోలు ఏమిటో రాయండి. కొల్లేరు దగ్గర ఆటపాకలో గూడబాతులు అని రాస్తే మీకు 300 మి.మీ. వరకైనా వెళ్లే కటకం కావాలి. ఇంట్లో పసిపిల్లలు, సాయంత్రపు బతుకమ్మ అని రాస్తే ఎక్కువ వెలుతురును లోపలికి రానిచ్చే కటకం కావాలి. ఊరి గుళ్లు, కోటలు అంటే వెడల్పుగా చూసే కటకం కావాలి. చిత్రంగా, ఆ కాగితం మీద కెమెరా పేరు ఎక్కడా రాదు. వచ్చేవన్నీ కటకాలే. మీ డబ్బును కూడా ఆ దామాషాలోనే పంచండి.

మార్చుకోదగిన కటకాలున్న కెమెరాలు రెండు రకాలు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఒక అద్దం వెలుతురును పైకి మళ్లించి మన కంటికి చేరుస్తుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం ఉండదు. సెన్సరు చూస్తున్నదాన్నే చిన్న తెర మీద మనకూ చూపిస్తుంది. తీయబోయే ఫొటో ఎంత వెలుగ్గా వస్తుందో మిర్రర్‌లెస్‌లో ముందే చూడవచ్చు. బరువు కూడా సాధారణంగా తక్కువే. బ్యాటరీ మాత్రం త్వరగా అయిపోతుంది. కంపెనీలు తమ దృష్టినంతా మిర్రర్‌లెస్ మీదికి మళ్లించాయి. అందువల్ల వాడిన డీఎస్‌ఎల్‌ఆర్‌లు, వాటి కటకాలు చాలా తక్కువ ధరకు దొరుకుతున్నాయి. నేర్చుకోవడానికి కొనేవాళ్లకు ఇంతకంటే మంచి సమయం లేదని మా అభిప్రాయం.

వాడినది కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడండి. షట్టరు ఇప్పటికి ఎన్నిసార్లు పనిచేసిందో అడిగి తెలుసుకోండి. పెళ్లి ఫొటోగ్రాఫరు వాడిన కెమెరా బయటికి మెరుస్తున్నా షట్టరు బాగా అరిగి ఉండవచ్చు. కటకానికి వెనకనుంచి టార్చిలైటు వేసి ముందునుంచి చూడండి. లోపల సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది బూజు, ఆ కటకం వద్దు. ఎఫ్/16 దగ్గర ఖాళీ ఆకాశాన్ని ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే సెన్సరు మీది దుమ్ము నల్లచుక్కలుగా బయటపడుతుంది. చివరగా, నికాన్ డి3000, డి5000 శ్రేణుల కెమెరాల్లో ఫోకస్ మోటారు లోపల ఉండదు. మోటారు లేని పాత కటకాలను వాటికి తగిలిస్తే చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాల్సిందే. చవగ్గా వస్తోందని పాత కటకం కొనే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. ఇక ఉచితంగా ఇస్తామనే సంచి, ట్రైపాడ్ చూసి మాత్రం నిర్ణయం తీసుకోవద్దు.

4. వెలుతురును అదుపుచేసే మూడు మార్గాలు

చేనుకు నీరు పెట్టేటప్పుడు తూము ఎంత వెడల్పుగా తెరిచారు, ఎంతసేపు తెరిచి ఉంచారు అనే రెండింటి మీద పారే నీరు ఆధారపడుతుంది. కెమెరాలో తూము వెడల్పు ఎపర్చరు, తెరిచి ఉంచిన సమయం షట్టరు వేగం. మూడోదైన ఐఎస్ఓ వీటి వంటిది కాదు. అది కొత్తగా వెలుతురు తీసుకురాదు. సన్నని గొంతును మైకులో పెంచితే మాటతో పాటు గుసగుస శబ్దం కూడా పెరిగినట్టు, వచ్చిన కొద్ది సంకేతాన్ని నాయిస్‌తో సహా పెంచుతుంది.

ఎపర్చరు అంకెలు మొదట్లో తికమక పెడతాయి. ఎఫ్/4 అంటే కటకపు నాభ్యంతరాన్ని 4తో భాగిస్తే వచ్చే వ్యాసం. 50 మి.మీ. కటకానికి ఎఫ్/2 దగ్గర వ్యాసం 25 మి.మీ., ఎఫ్/4 దగ్గర 12.5 మి.మీ. వ్యాసం సగమైతే వైశాల్యం పావువంతు అవుతుంది కదా! అందుకే అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనే వరుసలో ఒక్కో మెట్టుకు వెలుతురు సగమవుతుంది. ఈ మెట్టునే స్టాప్ అంటారు. షట్టరును 1/60 నుంచి 1/125కు మార్చినా ఒక స్టాప్ తగ్గుతుంది. ఐఎస్ఓను 400 నుంచి 800కు మార్చితే చిత్రం ఒక స్టాప్ వెలుగ్గా కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. చీకటి పడుతున్న వేళ బతుకమ్మ ఆడుతున్నారు. మీ కెమెరా ఎఫ్/5.6, 1/15 సెకను, ఐఎస్ఓ 800 చూపించింది. 1/15 దగ్గర చప్పట్లు కొట్టే చేతులు చెదిరిపోతాయి. వాటిని నిలపడానికి కనీసం 1/125 కావాలి. అంటే మూడు స్టాప్‌ల వెలుతురు పోతుంది. దాన్ని మరోచోట సంపాదించాలి. కెమెరాతో పాటు వచ్చే 18–55 మి.మీ. కటకం 55 దగ్గర ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఇక మిగిలింది ఐఎస్ఓను 6400కు పెంచడమే. అదే 50 మి.మీ. ఎఫ్/1.8 కటకం ఉంటే ఎపర్చరును ఎఫ్/2కు తెరిచి, ఐఎస్ఓను 800 దగ్గరే ఉంచవచ్చు. అయితే ఎఫ్/2 దగ్గర స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుంది. ఒక ముఖం స్పష్టంగా ఉంటే ఆ వెనకనున్నవారు మసకబారతారు. ఎఫ్/2.8, ఐఎస్ఓ 1600 మధ్యేమార్గం. ఏది సరైనదో కెమెరా చెప్పదు, మీరే తేల్చుకోవాలి.

కటకంలో ఉండే కుదుపు నివారణ మీ చేతి వణుకును తగ్గిస్తుందే తప్ప ఎదుటివారి కదలికను ఆపదు. ఈ తేడా తెలియక చాలామంది కెమెరాను తప్పుపడతారు.

5. మీటరు ఎందుకు పొరబడుతుంది?

కెమెరా లోపలి మీటరు వస్తువు నుంచి తిరిగి వచ్చే వెలుతురును కొలుస్తుంది. వస్తువు తెల్లగా ఉండి ఎక్కువ వెలుతురు వెనక్కి పంపుతోందా, నల్లటి వస్తువు మీద ఎండ బాగా పడుతోందా అనేది దానికి తెలియదు. అందుకని ఎదురుగా ఉన్నదంతా సగటున నడిమి బూడిదరంగు అని అనుకుంటుంది. పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని తిరిగి పంపే బూడిదరంగును దీనికి ప్రమాణంగా చెబుతారు. చెట్లు, మట్టిదారి, మనుషులు, ఇళ్లు కలగలిసిన దృశ్యంలో ఈ ఊహ చక్కగా కుదురుతుంది. కుదరని చోట్లు కూడా మన చుట్టూ చాలానే ఉన్నాయి.

పత్తి యార్డుకు వెళ్లండి. ఎటు చూసినా తెలుపే. "ఇంత వెలుతురా!" అని మీటరు తగ్గించేస్తుంది. ఫొటోలో పత్తి మాసిన దుప్పటిలా వస్తుంది. ఇప్పుడు గేదెల మందను తీయండి. "ఇంత చీకటా!" అని మీటరు పెంచేస్తుంది. నిగనిగలాడే నలుపు బూడిద పూసినట్టు వెలిసిపోతుంది. దీన్ని సరిచేసే మీట మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. తెల్లని వస్తువుకు ప్లస్ 1 లేదా అంతకంటే కాస్త ఎక్కువ, నల్లని వస్తువుకు మైనస్ 1 పెట్టి చూడండి. తెలుపు ఎక్కువైంది కదా తగ్గించాలి అని మనకు సహజంగా అనిపిస్తుంది. కానీ మీటరు ఆ తగ్గింపు అప్పటికే చేసేసింది. మీరు చేయవలసింది దాన్ని తిరిగి పెంచడం.

మనుషుల విషయంలో ఈ పొరపాటుకు మూల్యం ఎక్కువ. సున్నం వేసిన గోడ ముందు చామనఛాయ ముఖం గల పెద్దమనిషిని కూర్చోబెట్టి తీస్తే, గోడ వెలుతురుకు మీటరు తలొగ్గి ముఖాన్ని చీకటి చేస్తుంది. కళ్లు, ముడతలు, చిరునవ్వు ఏవీ కనిపించవు. తర్వాత కంప్యూటరులో ముఖాన్ని వెలుగ్గా మార్చి చర్మాన్ని తెల్లబరిచేవాళ్లున్నారు. అది ఆ మనిషి రంగు కాదు. ముఖం మీది వెలుతురునే కొలిచే స్పాట్ మీటరింగు పెట్టుకోండి, లేదా ప్లస్ 1 ఇవ్వండి. గోడ మరీ తెల్లబడితే తెల్లబడనివ్వండి, మీరు తీస్తున్నది గోడను కాదు.

అదే మనిషి తెల్లని పంచె, చొక్కాతో మిట్టమధ్యాహ్నం ఎండలో ఉంటే చిక్కు పెరుగుతుంది. ముఖానికి సరిపడా పెంచితే పంచె మీది మడతలన్నీ మాయమై ఉత్త తెల్లకాగితం మిగులుతుంది. పంచెను కాపాడితే ముఖం పోతుంది. ఇక్కడ ఏ మీటా పనిచేయదు. ఆయనను వేపచెట్టు నీడలోకో, వసారాలోకో తీసుకురండి. నీడలో ఎక్కువ వెలుగుకూ తక్కువ వెలుగుకూ మధ్య తేడా తగ్గి రెండూ సెన్సరు పట్టగలిగిన హద్దుల్లోకి వస్తాయి. హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ 1905లో మరణించాడు. అప్పటికి ఫొటో విద్యుత్ మీటర్లే లేవు. ఆ తరం వాళ్లు వెలుతురును కంటితోనూ అనుభవంతోనూ లెక్కగట్టారు.

తీసిన ప్రతి ఫొటోను తెర మీద చూసి సరిపోయిందనుకోవద్దు. ఎండలో తెర మసకగా, రాత్రిపూట అతి ప్రకాశంగా కనిపించి మోసం చేస్తుంది. హిస్టోగ్రామ్ అనే పటాన్ని చూడండి. దాని ఎడమ కొస నలుపును, కుడి కొస తెలుపును సూచిస్తాయి. కుడి అంచుకు గుట్టగా ఆనుకుంటే తెలుపులో వివరాలు పోయాయని అర్థం. గుంటూరు మిర్చి కళ్లాల వంటి గాఢమైన ఎరుపు ఉన్న చోట రంగులవారీ హిస్టోగ్రామ్‌ను చూడండి. మొత్తం పటం బాగానే ఉన్నా ఎరుపు ఒక్కటే అంచు దాటిపోయి ఉండవచ్చు.

6. భద్రపరచడం

జేపెగ్ ఫైలులో ఒక్కో రంగుకు 256 మెట్లుంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384. తర్వాత దిద్దుకోవాలనుకునే ముఖ్యమైన ఫొటోలను రాలో తీయండి, రోజువారీ సాధనకు జేపెగ్ చాలు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉండేవాళ్లు కెమెరాను తోలుసంచిలో పెట్టి నెలల తరబడి బీరువాలో దాచవద్దు. తేమకు కటకం లోపల బూజు పడుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, వారానికోసారి బయటికి తీసి వాడండి.

7. అభ్యాసం

ఒక తెల్ల తువ్వాలు, ఒక నల్ల గొడుగు, ఒక మట్టికుండ తీసుకోండి. మూడింటినీ ఒకే నీడలో ఉంచి, కెమెరాను ఎపర్చర్ ప్రయారిటీలో ఎఫ్/8 దగ్గర పెట్టండి. ఒక్కోదాన్ని చిత్రమంతా నిండేలా దగ్గరగా తీసి, కెమెరా ఎంచుకున్న షట్టరు వేగాన్ని పుస్తకంలో రాసుకోండి. తర్వాత తువ్వాలును ప్లస్ 1, ప్లస్ 2తోనూ, గొడుగును మైనస్ 1, మైనస్ 2తోనూ మళ్లీ తీయండి. ఏ చిత్రం అసలు వస్తువుకు దగ్గరగా ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. ఫోనులో కూడా తెరను తాకి వెలుగును పెంచి, తగ్గించి ఈ అభ్యాసం చేయవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

(అ) ఎఫ్/4, 1/30 సెకను, ఐఎస్ఓ 400 నుంచి షట్టరును 1/250కు మార్చారు. ఎపర్చరును మార్చకుండా అదే వెలుగు రావాలంటే ఐఎస్ఓ ఎంత ఉండాలి?

(ఆ) మంచు కప్పిన లంబసింగి ఉదయం ఫొటోలో మసిబారినట్టు వచ్చింది. కారణం ఏమిటి? మీట ప్లస్ వైపు తిప్పాలా, మైనస్ వైపా?

(ఇ) మీరు రాసుకున్న 20 ఫొటోల కాగితాన్ని మళ్లీ చదవండి. వాటిలో మీ దగ్గర ఇప్పుడున్న ఫోనుతోనే తీయగలిగినవి ఎన్ని?