మాగాయ ఊట – క్రాంజీ నీరు

వేసవిలో మన ఇళ్ళలో మాగాయ పెట్టడం మీరు చూసే ఉంటారు. పుల్లని మామిడికాయలకు చెక్కు తీసి, ముక్కలుగా తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో ఉంచుతారు. అందులో ఎవరూ చుక్క నీరు పోయరు. అయినా మూడవనాటికి ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. ఆ నీరు ఎక్కడి నుండి వచ్చింది? సింగపూరు ఉత్తరభాగాన క్రాంజీ అనే చోట తయారయ్యే నీటికీ, ఈ ఊటకూ దగ్గరి చుట్టరికం ఉంది. అదేమిటో తెలుసుకుందాం.

మామిడి ముక్కలో లెక్కలేనన్ని కణాలు ఉంటాయి. ప్రతి కణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. ఆ పొర నీటిని పోనిస్తుంది; ఉప్పును అంత సులభంగా పోనివ్వదు. ఇటువంటి పొరకు రెండు వైపులా ద్రవాలు ఉంటే, ఉప్పు తక్కువగా ఉన్న వైపు నుండి ఎక్కువగా ఉన్న వైపుకు నీరు పోతుంది. దీనిని ద్రవాభిసరణం అంటారు. ముక్కలలోని నీరు అలాగే ఊటగా బయటికి వస్తుంది. 1748లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు నొలే పంది మూత్రాశయపు పొరతో ప్రయోగం చేసి ఈ సంగతిని గమనించాడు.

మరి ఉప్పు ఎక్కువగా ఉన్న వైపు నుండి గట్టిగా ఒత్తిడి కలిగిస్తే ఏమవుతుంది? నీరు వెనుకకు మళ్ళుతుంది. ఉప్పూ మలినాలూ పొర దగ్గరే ఆగిపోతాయి. ఇది విలోమ ద్రవాభిసరణం. మనం నిత్యం ‘ఆర్.ఓ.’ అని చెప్పుకునేది దీనినే.

చెప్పడానికి సులభమే కాని, చేయడం కష్టమైంది. 1950 తరువాతి సంవత్సరాలలో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రీడ్, బ్రెటన్ అనేవారు సెల్యులోజ్ ఎసిటేట్ పొరతో ఉప్పును ఆపగలిగారు. కాని నీరు చాలా నెమ్మదిగా వచ్చేది. అదే కాలంలో లాస్ ఏంజెలిస్‌లో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి పనిచేశారు. వారికి ఒక చిక్కు ఎదురైంది. ఒకే రకం పొర ఒకసారి బాగా పనిచేసేది, మరొకసారి పనిచేసేది కాదు. వారు దానిని పారవేయలేదు, కారణం వెదికారు. పొరకు రెండు ముఖాలూ ఒకటి కావని తేలింది! ఒక ముఖాన అతిపలుచని దట్టమైన భాగం, దాని వెనుక స్పంజి వంటి భాగం ఉన్నాయి. దట్టమైన ముఖం ఉప్పునీటి వైపు ఉంటేనే పొర పనిచేస్తుంది. ఆ జ్ఞానంతో వారు తయారుచేసిన కొత్త పొర గుండా నీరు సుమారు పది రెట్లు ఎక్కువగా వచ్చింది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే చిన్న ఊరికి ఈ పద్ధతిలో మంచినీరు అందింది.

ఇక సింగపూరు సంగతి చూద్దాం. ఆ దేశంలో వానలు బాగానే కురుస్తాయి. కాని వాననీటిని నిలుపుకోవడానికి నేల చాలదు. అందుచేత పొరుగున ఉన్న జొహోర్ నుండి నీరు కొంటూ వచ్చింది. 1975లో క్రాంజీ నది సముద్రంలో కలిసేచోట ఆనకట్ట కట్టి జలాశయం ఏర్పరచారు. అదీ చాలలేదు. వాడిన నీటిని శుద్ధిచేసి మళ్ళీ వాడాలని 1974లోనే ఒక చిన్న కేంద్రం నడిపి చూశారు. ఖర్చు మిక్కిలి ఎక్కువైంది, పొరలు నమ్మకంగా పనిచేయలేదు. దానిని మూసివేశారు.

కాని ఆ ఆలోచనను మరచిపోలేదు. పొరలు మెరుగుపడి, చౌక అయ్యాక, 1998లో మళ్ళీ పని మొదలుపెట్టారు. వాడిన నీటిని ప్రజలు ఒప్పుకుంటారా అన్నది పెద్ద ప్రశ్న. నిపుణుల సంఘం రెండేళ్ళు పరీక్షించి, 2002లో ఆ నీరు సురక్షితమని చెప్పింది. 2003లో బెడోక్‌తో పాటు క్రాంజీలోనూ ఈ కర్మాగారం ప్రారంభమైంది. ఆ నీటికి ‘న్యూవాటర్’ అని పేరు. వాడిన నీటిని ముందు మామూలుగా శుద్ధిచేసి, సన్నని వడపోతల గుండా పంపి, విలోమ ద్రవాభిసరణం జరిపి, చివరకు అతినీలలోహిత కిరణాలతో సూక్ష్మజీవులను చంపుతారు. ఇందులో ఎక్కువ భాగం పరిశ్రమలకు పోతుంది. వానలు లేనప్పుడు కొంత జలాశయాలలో కలుపుతారు.

నల్లగొండ, ప్రకాశం జిల్లాలలో ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోయినవారి బాధ మనకు తెలుసు. అక్కడి ఎన్నో ఊళ్ళలో నీటిలోని ఫ్లోరైడును తొలగించడానికి పెట్టినదీ ఇటువంటి పొరే.

మీరూ ఒక ప్రయోగం చేయండి. ఎండుద్రాక్షలు కొన్నింటిని మంచినీటిలో రాత్రంతా నానబెట్టండి. ఉబ్బిన పండ్లను చిక్కని పంచదార పాకంలో వేసి మరునాడు చూడండి. కనిపించినది నోటుపుస్తకంలో వ్రాయండి. అనుకున్నట్లు రాకపోతే కొట్టివేయకండి. ఎందుకు రాలేదో అడగండి. లోబ్, సౌరిరాజన్ చేసిన పని అదే.