గెలుపు గుర్తులు

ఆట ముగిసిన తరువాత మిగిలేవి కొన్ని కాగితపు ముక్కలు, కొన్ని నాణేలు, ఒక కోటు. ఢిల్లీ నగరం వాటిలో కొన్నింటిని దాచుకున్నది, కొన్నింటిని పోగొట్టుకున్నది.

1951 మార్చి 4వ తేదీన ఢిల్లీలోని నేషనల్ స్టేడియంలో తొలి ఆసియా క్రీడలు ప్రారంభమైనవి. అదే రోజున భారత తపాలా శాఖ రెండు స్మారక బిళ్ళలను విడుదల చేసింది. ఒకటి రెండు అణాలది, రెండవది పన్నెండు అణాలది. రెండింటిపైనా ఒక కాగడా, ఆసియా ఖండపు పటం. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళు కూడా నిండని దేశం, పదకొండు దేశాల క్రీడాకారులను ఒక్కచోట చేర్చిన శుభ సందర్భమది. మార్చి 11న క్రీడలు ముగిసినవి. ఆ బిళ్ళలు మాత్రం ఈనాటికీ సేకర్తల ఆల్బములలో పదిలంగా ఉన్నవి.

ఆ క్రీడలలోనే మార్చి 10న ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో భారత జట్టు ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం గెలుచుకున్నది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవాడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా జీవితం ప్రారంభించిన ఆయన, 1962లో జకార్తాలో మరొక స్వర్ణాన్ని కూడా దేశానికి సాధించిపెట్టాడు. 1951 నాటి స్మారక బిళ్ళను ఈనాడు సంపాదించడం కష్టం కాదు. కాని ఆ ఫైనల్ చూడడానికి కొన్న టిక్కెట్టు సంగతి వేరు. ఆట అయిపోగానే దానితో పని తీరిపోయింది. జేబులో నలిగి చాకలి మూటలోకి వెళ్ళినవి, స్టేడియం మెట్లమీదనే రాలిపోయినవి ఎన్నో!

క్రీడా జ్ఞాపికల సేకరణలోని కిటుకంతా ఈ తేడాలోనే ఉన్నది.

రెండు విధాల అరుదైనవి

కొన్ని వస్తువులు దాచుకొమ్మనే తయారవుతాయి. 1982 నవంబరు 19 నుండి డిసెంబరు 4 వరకు ఢిల్లీలో జరిగిన తొమ్మిదవ ఆసియా క్రీడలు ఇందుకు చక్కని ఉదాహరణ. ముప్పయి మూడు దేశాలు పాల్గొన్న ఆ క్రీడల కోసం జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, ఇందిరాగాంధీ ఇండోర్ స్టేడియం వెలసినవి. దేశంలో రంగుల టెలివిజన్ అడుగుపెట్టింది. అప్పు అనే గున్న ఏనుగు ఇంటింటి పిల్లలకు నేస్తమైనది. ఆ ఏడు ప్రభుత్వం స్మారక నాణేలను ముద్రించింది. 10 పైసలు, 25 పైసలు, 2 రూపాయల నాణేలు సామాన్యుల చేతుల్లో తిరిగినవి. 10 రూపాయలు, వెండి కలిపిన 100 రూపాయల నాణేలు సేకర్తలను ఉద్దేశించినవి. ఇటువంటివాటిని కొన్నవారు మొదటి రోజు నుండే పెట్టెలో భద్రపరుస్తారు. కనుక అవి ఏళ్ళు గడిచినా దొరుకుతూనే ఉంటాయి.

రెండవ రకం వస్తువులు పారవేయడానికే పుట్టినవి. టిక్కెట్టు, ఆటల కార్యక్రమ పత్రం, స్వచ్ఛంద సేవకుని బ్యాడ్జి, బస్సు పాసు - వీటి ఆయుష్షు ఒక్క రోజు. వాటిని దాచాలన్న ఆలోచన ఎవరికీ రాదు. అందువల్లనే అవి అరుదైపోతాయి.

1999 ఫిబ్రవరి 7వ తేదీని తలచుకోండి. ఆనాడు ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లా మైదానంలో అనిల్ కుంబ్లే పాకిస్తాన్ రెండవ ఇన్నింగ్సులో 74 పరుగులకు పదికి పది వికెట్లు తీశాడు. అంతకుముందు టెస్టు క్రికెట్ చరిత్రలో ఆ ఘనత 1956లో ఇంగ్లండు బౌలర్ జిమ్ లేకర్‌కు మాత్రమే దక్కింది. ఆ ఉదయం గేటు దగ్గర టిక్కెట్టు చూపి లోపలికి నడచిన ప్రేక్షకుడికి, తన చేతిలోని కాగితం చరిత్రకు సాక్ష్యం కాబోతున్నదని ఎలా తెలుస్తుంది? తెలియకపోవడమే ఆ ముక్కకు తరువాత విలువ తెచ్చిపెట్టింది.

అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు ఈ విద్యను పరాకాష్ఠకు తీసుకుపోయారు. అక్కడ ఏటా సీజను చివర మేటి జట్ల మధ్య ప్లేఆఫ్ పోటీలు జరుగుతాయి. ఆ దశకు చేరుకోగలమన్న ఆశతో జట్లు ముందుగానే టిక్కెట్లు అచ్చు వేయించుకునేవి. తీరా జట్టు ఓడిపోతే ఆ టిక్కెట్లకు ఆటే ఉండేది కాదు. జరగని ఆటకు అచ్చయిన ఈ టిక్కెట్లను అక్కడివారు ‘దయ్యపు టిక్కెట్లు’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తూ ప్రత్యేకంగా వెదకి కొంటారు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్‌సన్ అనే నల్లజాతి ఆటగాడు వర్ణవివక్ష గోడను బద్దలు కొట్టి పెద్ద లీగులో తొలిసారి ఆడాడు. ఆ నాటి ఒక చిరిగిన టిక్కెట్టు ముక్క 2022లో వేలంలో 4,80,000 డాలర్లు పలికింది.

నిజమేది, నకిలీ ఏది?

ధర ఉన్నచోట మోసమూ ఉంటుంది. 1990ల చివరలో అమెరికా కేంద్ర నేర పరిశోధక సంస్థ ఎఫ్.బి.ఐ. దొంగ సంతకాల ముఠాలపై దాడులు జరిపినప్పుడు, పేరు మోసిన ఆటగాళ్ళ నకిలీ సంతకాలతో పాటు ఒక వింత వస్తువు కూడా పట్టుబడింది. అది మదర్ థెరిసా సంతకం చేసినట్లు నమ్మించిన బేస్‌బాల్ బంతి! కొనేవాడికి ఆశ ముదిరితే వివేకం ఎంత దూరం పారిపోతుందో చెప్పడానికి ఇంతకన్న దృష్టాంతం అక్కరలేదు.

మన నాణేల విషయంలో పరీక్షకు కొన్ని సులువైన దారులున్నవి. చెలామణీ నాణెం మీద సంవత్సరం అంకెల కింద టంకశాల గుర్తు ఉంటుంది. వజ్రాకారం ఉంటే బొంబాయి, నక్షత్రం ఉంటే హైదరాబాదు, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. 1982లో హైదరాబాదు టంకశాల సైఫాబాదులో ఉండేది; తరువాత చర్లపల్లికి తరలింది. ఢిల్లీ పొరుగున ఉన్న నోయిడా టంకశాల గుర్తు ఒక చిన్న చుక్క. కాని ఆ టంకశాలలో నాణేల ఉత్పత్తి మొదలైనది 1988లో. కనుక 1982 నాటి ఆసియా క్రీడల నాణెం మీద నోయిడా చుక్క ఉన్నదని ఎవరైనా ఊరిస్తే, వెంటనే జేబు మూసుకోవడం మంచిది.

తపాలా కవరు విషయంలో బిళ్ళ ఎంత ముఖ్యమో ముద్ర అంత ముఖ్యం. ముద్రలోని ఊరు, తేదీ చదవగలిగేటట్లు ఉండాలి. ఆ తేదీ బిళ్ళ విడుదలైన తేదీతో సరిపోవాలి. పోల్చి చూసుకోదలచినవారికి ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని డాక్ భవన్‌లో జాతీయ తపాలా బిళ్ళల ప్రదర్శనశాల ఉన్నది. పాత కాగితాలు వెదకేవారికి దర్యాగంజ్ ఆదివారపు పుస్తకాల సంత దశాబ్దాలుగా ప్రసిద్ధి. 2019లో అది కాలిబాటలను వదలి మహిళా హాట్ ఆవరణకు మారింది. పాత పత్రికల కట్టల నడుమ ఏ ఆటల కార్యక్రమ పత్రమో నక్కి ఉంటే, ఓపిక గలవాడే దానిని కనుగొంటాడు.

ఒక కోటు కథ

వస్తువు నిజమైనదే కావచ్చు, దానిని ఇచ్చినవాడు మహనీయుడే కావచ్చు. అయినా అది నిలుస్తుందన్న హామీ లేదు. హాకీ వీరుడు బల్బీర్ సింగ్ కథ ఇందుకు తార్కాణం.

1948 లండన్, 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ - మూడు ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకాలు గెలిచిన జట్లలో ఆయన సభ్యుడు. హెల్సింకి ఫైనల్‌లో నెదర్లాండ్స్‌పై భారత జట్టు చేసిన ఆరు గోల్స్‌లో అయిదు ఆయనవే. మెల్‌బోర్న్‌లో ఆయనే నాయకుడు. ఆ క్రీడల విజేతలను స్మరిస్తూ ఎక్కడో కరీబియన్ దీవులలోని డొమినికన్ రిపబ్లిక్ 1958లో విడుదల చేసిన తపాలా బిళ్ళపై గురుదేవ్ సింగ్‌తో పాటు బల్బీర్ సింగ్ బొమ్మ కూడా ఉన్నది.

1985లో ఆయన తన సంపదను దేశానికి అప్పగించాడు. ఢిల్లీలో నెలకొల్పదలచిన క్రీడా ప్రదర్శనశాల కోసం మెల్‌బోర్న్‌లో ధరించిన నాయకుని కోటును, 36 పతకాలను, ఎన్నో అరుదైన ఛాయాచిత్రాలను భారత క్రీడా ప్రాధికార సంస్థకు అందజేశాడు. మూడు ఒలింపిక్ స్వర్ణాలు మాత్రం తన వద్దనే ఉంచుకున్నాడు.

ఇరవై ఏడేళ్ళు గడచినవి. 2012 లండన్ ఒలింపిక్స్ సందర్భంలో ఒలింపిక్ చరిత్రను చాటే ప్రదర్శనకు ఎంపికైన పదహారుమంది ప్రముఖులలో బల్బీర్ సింగ్ ఒకడు. ప్రదర్శనకు ఆ పాత వస్తువులు కావలసివచ్చినవి. ఆరా తీస్తే వాటి జాడ దొరకలేదు. వృద్ధుడైన ఆ క్రీడాకారుడు, ఆయన కుటుంబం సంవత్సరాల తరబడి అడుగుతూనే ఉన్నారు. 2020 మే 25న ఆయన కన్నుమూశాడు. కోటు ఆయన కంటబడనే లేదు.

వెనుకకు తీసుకోవాలన్న కోరికతో ఆయన ఆ వస్తువులను ఇవ్వలేదు. రాబోయే తరాల పిల్లలు చూస్తారన్న నమ్మకంతో ఇచ్చాడు. పోయినది ఒక కోటు కాదు, ఆ నమ్మకం.

చట్టం, అంగడి

ఇటువంటి వస్తువులకు చట్టం రక్షణ లేదా అని పాఠకులు అడుగవచ్చు. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం సామాన్యంగా నూరేళ్ళు నిండిన వస్తువులకే వర్తిస్తుంది. ఆ లెక్కన తొలి ఆసియా క్రీడల పతకానికి ఆ యోగ్యత పట్టాలంటే 2051 దాకా ఆగవలసి ఉంటుంది. నడివయస్సులో ఉన్న వస్తువు అందువల్ల అనాథ. పాత సామానుగా చూస్తే మరీ కొత్తది. కొత్త సామానుగా చూస్తే పనికిరానిది. పోయేవన్నీ ఈ వయస్సులోనే పోతాయి.

అంగడి మాత్రం ఎదురుచూడదు. 2021లో ప్రధానమంత్రికి వచ్చిన బహుమతులను కేంద్ర సాంస్కృతిక శాఖ వేలం వేసింది. వాటిలో టోక్యో ఒలింపిక్స్ విజేత నీరజ్ చోప్రా ఇచ్చిన బల్లెం కోటిన్నర రూపాయలు పలికింది. తెలుగుబిడ్డ పి.వి. సింధు రాకెట్టు కూడా ఆ వేలంలో ఉన్నది. వచ్చిన సొమ్ము గంగానది ప్రక్షాళనకు ఉద్దేశించారు. క్రీడా జ్ఞాపికకు మన దేశంలోనూ వెల కట్టే రోజులు వచ్చినవని దీనివల్ల తెలుస్తున్నది. అయితే వెల వేరు, విలువ వేరు. వెల వేలంపాటలో తేలుతుంది. విలువ ఆ వస్తువు వెంట ఉన్న కథలో ఉంటుంది.

చీటీ లేని వస్తువు మూగది

అనుభవజ్ఞులైన సేకర్తలు పాటించే నియమాలు కొన్ని ఉన్నవి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

నాణేన్ని మెరిపించాలని చింతపండుతోనో, పొడితోనో తోమరాదు. సహజమైన పొర పోతే సేకర్త దృష్టిలో దాని విలువ కూడా పోతుంది. చిరిగిన టిక్కెట్టును అంటుపట్టీతో అతికించరాదు. కొన్నేళ్ళకు ఆ జిగురు పసుపు పచ్చగా మారి కాగితాన్ని తినివేస్తుంది. వానకాలపు తేమకు బిళ్ళల వెనుక జిగురు కరగి ఒకదానికొకటి అంటుకుంటాయి. కనుక వాటిని పొడిగా, విడివిడిగా ఉంచాలి. పి.వి.సి. ప్లాస్టిక్ సంచులు నాణేలకు శత్రువులు. సంతకాన్ని ఎండ తగిలేచోట వేలాడదీస్తే సిరా వెలిసిపోతుంది.

అన్నిటికన్న ముఖ్యమైన నియమం మరొకటి ఉన్నది. ప్రతి వస్తువుతో పాటు ఒక చీటీ ఉండాలి. ఇది ఏమిటి, ఏ రోజుది, ఎవరిది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది - ఈ నాలుగు ముక్కలు వ్రాసి పెట్టాలి. వస్తువును సంస్థకు అప్పగించే పక్షంలో ఫొటోలతో కూడిన జాబితా రెండు ప్రతులు తయారు చేసి, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు సంతకాలు చేసి చెరి ఒకటి ఉంచుకోవాలి. సంస్థలలో అధికారులు మారుతారు, గదులు మారుతాయి, బీరువాల తాళాలు మారుతాయి. కాగితం మీది జాబితా ఒక్కటే వాటన్నింటినీ దాటి నిలబడి ప్రశ్నించగలదు.

మన ఇండ్లలో ఇటువంటి వస్తువులు అసలే లేవనుకోవడం పొరపాటు. 1982లో ఢిల్లీలో ఉద్యోగం చేసిన మేనమామ తెచ్చిన అప్పు బొమ్మ, కబడ్డీ పోటీలో తాతగారు గెలిచిన కంచు గిన్నె, జిల్లా జట్టుకు ఆడిన అత్తగారి బ్యాడ్జి - ఏదో ఒకటి ఏ అటకమీదనో ఉండనే ఉంటుంది. దాని కథ తెలిసినవారు ఇంకా మనమధ్య ఉన్నారు. వారిని అడిగి నాలుగు మాటలు వ్రాసుకోవడానికి పావుగంట చాలు. వారు వెళ్ళిపోయిన మరునాడు అదే గిన్నె పాత సామాన్లవాడి తక్కెడలో తూకానికి పోతుంది.