జీవుల శాస్త్రనామములు - ఒక తెలుగు మాట

తెలుగున శాస్త్రగ్రంథములు వ్రాయబూనువారికి తరచుగా కలుగు సందేహమొకటి కలదు: జీవుల లాటిను నామములను మన భాషలోనికి మార్చవచ్చునా? దీనిని ఒక పాముపేరును ముందిడుకొని విచారింతము.

లిన్నేయసు 1753 లో మొక్కలకును, 1758 లో జంతువులకును రెండేసి పదముల నామములను స్థిరపరచెను. మొదటిది ప్రజాతిని, రెండవది దానితో గూడి జాతిని తెలుపును. ఇట్టి నామము లేనిదే శాస్త్రమున పేరున్నట్లు కాదు.

స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున వసించి, కోరమండల తీరపు పాములను గూర్చి 1796 లో ఒక గ్రంథమును ప్రకటించెను. జనులు చెప్పిన పేర్లనే ఆయన ఆంగ్లలిపిలో వ్రాసికొనెను. పసుపు, నలుపు పట్టెలు గల పామునకు అందున్న పేరు 'బంగారం పామ'. ఇది మన బంగారు పామే. 1801 లో జర్మను పండితుడు ష్నైడర్ దీనికి 'సూడోబోవా ఫాసియేటా' అని పేరిడెను. ఫాసియేటా యనగా పట్టెలు గలది. 1803 లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డొడేన్ వేరొక ప్రజాతిని కల్పించి, రస్సెల్ వ్రాసిన తెలుగు మాటకు లాటిను పుంలింగప్రత్యయమును చేర్చి 'బంగారస్' అనెను. అంతట ఫాసియేటా సైతము ఫాసియేటస్ అయినది. సంస్కృతమున విశేషణము విశేష్యలింగమును అనుసరించుట యెరిగిన మనకిది వింత కాదు. ప్రజాతి మారినను ష్నైడర్ గౌరవము పోలేదు. ఆయన పేరును, సంవత్సరమును నామము చివర కుండలీకరణములలో నుంచుదురు.

ఈ ప్రజాతిలోనే మన కట్లపామును చేరినది. దాని నామము బంగారస్ సెరూలియస్. సెరూలియస్ అనగా నీలివన్నె గలది. నీలి బంగారమన్నమాట! అర్థము పొసగలేదని నామమును త్రోసివేయుటకు నియమము లొప్పవు. నామము చూపుటకే కాని వర్ణించుటకు కాదు. పాముకాటునకు వాడు విరుగుడు మందు ఏయే విషములను హరించునో తెలుపు పత్రమున ఈ లాటిను నామములే యుండును. కట్లపామును పోలిన విషములేని పాములును కలవు గనుక, ఇచ్చట ఎవరికి తోచినట్లు వారు అనువదించుకొనిన ప్రాణములకే ముప్పు. కావున శాస్త్రనామమును తెలుగు లిపిలో వ్రాయుటయే కాని అనువదింపరాదని మా మతము.

అట్లని దేశ్యనామములను విడువరాదు. రస్సెల్ గ్రంథమున రక్తపింజరకు 'కాటుకరేకుల పొడ' అని యున్నది. దాని వీపుపై గోధుమవన్నె మచ్చలకు నల్లని అంచులుండును. కాటుక దిద్దిన రేకులే యవి. ఈ మాట శాస్త్రమున చేరలేదు. 1797 లో షా, నాడర్ అనువారు ఆ పామునకు రస్సెల్ పేరే పెట్టిరి. మన పాఠ్యగ్రంథములందు 'దబోయా రస్సెలై' ప్రక్కన రక్తపింజరతో బాటు కాటుకరేకుల పొడను గూడ ముద్రింపవలెను, నిఘంటువులందును చేర్పవలెను.