గాజుసీసాలోని జీవశాస్త్రము

ఒక పల్లెటూరి పాఠశాల ఎనిమిదవ తరగతి గదిలో, కిటికీగట్టుమీద ఎండ నేరుగా తగులని చోట, ఒక హార్లిక్సు సీసా ఉన్నది. దాని మూతికి పాతపంచె పేలిక కప్పి రబ్బరుబ్యాండు బిగించినారు. బడి వెనుకనున్న సిమెంటుతొట్టినుండి ముంచి తెచ్చిన ఆ నీటిలో వెండ్రుకముక్కలవంటి దోమపిల్లలు తలక్రిందులుగా వ్రేలాడుచు, తోకచివరి సన్నని గొట్టమును నీటిమట్టమునకు ఆనించి గాలి పీల్చుకొనుచుండును. చేతినీడ పడినంతనే మెలికలు తిరుగుచు అడుగునకు జారిపోవును. నేనా పాఠశాలకు వెళ్లిన దినమున పిల్లలు నలుగురేసి వంతులవారీగా ఆ సీసాయొద్దకు వచ్చి, చూచినదానిని నోటుపుస్తకములో గీసికొన్న గళ్లలో వ్రాసికొనుచుండిరి. “ఆరవ రోజు: రెండు పురుగులు కామా గుర్తులాగ వంగినవి. తిండి తినుట లేదు” అని ఒక బాలిక వ్రాసినది. పాఠ్యపుస్తకము ప్యూపా అనెడి దశను ఆమె తన కన్నులతో పట్టుకొని, పేరు తరువాత తెలిసికొన్నది.

అదే గది గోడమీద, వారమునకొకనాడు నీళ్లతొట్లు ఖాళీచేసి ఆరబెట్టవలెనని చెప్పు ‘డ్రై డే’ కాగితము అతికించియున్నది. పుస్తకములో దోమ జీవితచక్రము నాలుగు బొమ్మలతో, బాణపు గుర్తులతో ఉన్నది. ఏండ్ల తరబడి ఈ రెండును ఒకే గదిలో ఉండియు ఒకదానినొకటి ఎఱుగవు. బొమ్మ పరీక్షకొఱకు, కాగితము అధికారులకొఱకు. ఉష్ణకాలమున గ్రుడ్డు పగిలి రెక్కలు వచ్చుటకు ఇంచుమించు ఎనిమిది నుండి పది దినములు పట్టునని పిల్లల పట్టికలే తేల్చిననాడు, ఆ గడువు తీరకమునుపే నీరు పారబోసినచో దోమ పుట్టదు గదా యని, అందుచేతనే వారమునకొకమారు అనిరని, వారంతట వారే గ్రహించిరి. అంతవరకు ఉత్తరువుగానున్నది వారి చేతిలో కారణమైనది. ఆరోగ్యవిద్యకు కావలసినది ఈ చుట్టరికమే యని నా దృఢవిశ్వాసము. కారణము తెలియని హితబోధను పిల్లవాడు బడిగుమ్మము దాటగనే మఱచును. తన దేహమునకును తన వీధికిని అంటని జీవశాస్త్రమును పరీక్ష ముగిసిన మఱునాడే మఱచును.

ఈ సీసాకు మన గడ్డమీద ఘనమైన పూర్వచరిత్ర కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపుగోడలో మలేరియా క్రిమిని కనుగొన్నది దొరికిన దోమలతో గాదు. డింభకములను తెప్పించి తానే పెంచిన దోమలను హుసేన్‌ఖాన్ అను రోగిపై కఱపించి, ఆ పిమ్మట ఒక్కొక్కదానిని కోసి చూచి సాధించినాడు. ఆయనకు 1902లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆ కట్టడము నేటికిని బేగంపేటలో నిలిచియున్నది.

శాస్త్రమును తెలుగు పిల్లల కందింపవలెనన్న తపనయు నేటిది కాదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారి ప్రేరణచే వెలసిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రగ్రంథములతోపాటు శాస్త్రగ్రంథములను గూడ వెలువరించినది. వైద్యులైన ఆచంట లక్ష్మీపతి గారు ఆ గ్రంథమాలలో జీవశాస్త్రమును గూర్చి వ్రాసిరి. వారు మనకు భాషనిచ్చిరి. చేతికి పని నిచ్చు ఏర్పాటు మాత్రము చాలకాలము మిగిలిపోయినది. 1972లో మధ్యప్రదేశమునందలి హోషంగాబాదు జిల్లాలో పదునారు మాధ్యమిక పాఠశాలలతో మొదలైన విజ్ఞానబోధన కార్యక్రమము ఆ పనికి పూనుకొన్నది. పిల్లలు గుంపులుగా కూడి ప్రయోగములు చేసి, ‘బాల్ వైజ్ఞానిక్’ అను పుస్తకములో జవాబులు తామే వ్రాసికొనిరి. పరీక్షకు పుస్తకము తీసికొనిపోనిచ్చిరి. అట్టి కార్యక్రమమును 2002లో ప్రభుత్వమే నిలిపివేసినదని తలచికొన్నప్పుడెల్ల నా మనస్సు కలుక్కుమనును.

సాధనము ఖరీదైనది కానక్కఱలేదు. డేవిడ్ వెర్నర్ ‘హెల్పింగ్ హెల్త్ వర్కర్స్ లెర్న్’ అను పుస్తకములో వర్ణించిన సొరకాయబుఱ్ఱ పాఠమును మించినది నేను చూడలేదు. ఎండిన బుఱ్ఱకు పైన ఒక రంధ్రము, అడుగున ఒక రంధ్రము చేసి, అడుగుదానికి బిరడా పెట్టి, నిండుగ నీరు పోసి, పైరంధ్రముపై తడిపిన పలుచని గుడ్డముక్క పఱతురు. బిరడా తీయగనే నీరు కాఱును, గుడ్డ నెమ్మదిగా లోనికి క్రుంగును. విరేచనములు పట్టుకొన్న పసిబిడ్డకు మాడు గుంటపడుట అదే. నీళ్లిచ్చిన విరేచనములు ఎక్కువగునని నమ్మి నాలుక తడుపుటకైన జంకు ఇండ్లు మనలో ఎన్నియో గలవు. అట్టి యింటి పిల్ల తన చేతులతో బుఱ్ఱలోనికి నీరు పోసి, గుడ్డ మరల పైకి లేచుట చూచినచో, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆఱు చెంచాలు తలకొట్టిన పంచదార, అరచెంచా ఉప్పు కలుపవలెనన్న లెక్కను ఎవ్వరును వల్లెవేయింపనక్కఱలేదు. ఉప్పు ఎక్కువైనచో ప్రమాదము గనుక, కలిపిన నీరు కన్నీటికంటె ఉప్పగా నుండరాదని రుచి చూపించియే నేర్పవలెను.

చేతితో చూపుట అటుంచి, నోట చెప్పుటకే జంకిన పాఠమొకటి కలదు. మేము చదువుకొన్న బడిలో ప్రత్యుత్పత్తి పాఠము వచ్చినప్పుడు మాస్టారు పుస్తకము మూసి, “ఇది ఇంటివద్ద చదువుకొనుడు” అనిరి. ఇంటివద్ద చెప్పువారెవరు? మా తరగతిలోని ఆడపిల్లలు తమ దేహములో జరుగుచున్నదానిని భయముతోనే తెలిసికొనిరి. నేటికిని పాఠ్యసామగ్రి తయారుచేయువారు మొదట పూరింపవలసిన ఖాళీ ఇదియేనని నేనెంచుచున్నాను. అద్దాలబీరువాలో తాళమువేసిన ప్లాస్టిక్ గుండెబొమ్మ తరువాత వచ్చినను లోటులేదు.

ఆ పల్లెటూరి పాఠశాలనుండి నేను బయలుదేరబోవుచుండగా, కామావలె వంగిన పురుగులను గూర్చి వ్రాసిన బాలిక లేచి అడిగినది: “మాస్టారూ, తొట్టి ఎండబెడితే దాని గోడకు అంటిన గ్రుడ్లు చచ్చిపోతాయా?” ఏడిస్ దోమ గ్రుడ్లు నెలల తరబడి ఎండియు బ్రతుకగలవు, అందుకే తొట్టి లోపలిగోడలను గట్టిగా తోమవలెను. ఆ తరగతి మాస్టారు ఆ మాట చెప్పలేదు. ఎండిన తొట్టిగోడను చెంచాతో గీకి, రాలిన పొడిని కొత్తసీసాలో వేసి, నీరుపోసి, పేలిక కట్టి కిటికీగట్టుపై పెట్టించినారు. నల్లబల్లపై ఆమె ప్రశ్నను వ్రాసి, దాని క్రింద ‘మొదటి రోజు’ అని వ్రాసి, గడి ఖాళీగా ఉంచినారు.