పొయ్యి ఆరింది, పొగగొట్టం మిగిలింది

పాత మొహల్లాలలోని మన ఇండ్లలో బావర్చీఖానా గోడను ఆనుకొని, పైకప్పును దాటి ఆకాశంలోకి తొంగిచూసే పొగగొట్టాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం, దేశమంతటా 2016లో మొదలైన ఉజ్వల పథకం పేద కుటుంబాలకు సైతం గ్యాసు పొయ్యిని అందించాయి. కట్టెల పొయ్యి తొలగిపోయింది. గద్దెను పడగొట్టి అక్కడ రాతి బండ పరిచారు. గొట్టాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

దానిని ఏమి చేయాలని అడిగితే మేస్త్రీలు సాధారణంగా చెప్పేది ఒక్కటే: పైన బండ పెట్టి, క్రింద సిమెంటుతో మూసివేయమని. ఈ సలహా సరియైనది కాదు. దశాబ్దాల పొగ వల్ల గొట్టం లోపలి ఇటుకలలోకి మసితోపాటు లవణాలు కూడా ఇంకి ఉంటాయి. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. రెండు కొనలనూ మూసివేస్తే ఆ తేమకు బయటికి పోయే దారి ఉండదు. కొన్నాళ్ళకు గోడ మీద గోధుమరంగు మరకలు తేలుతాయి. ఎన్నిసార్లు సున్నం వేసినా అవి మళ్ళీ పైకి వస్తూనే ఉంటాయి. వాన నీరు పడకుండా పైన రేకు టోపీ పెట్టి, దాని క్రింద ప్రక్కల నుండి గాలి ఆడేలా సందు వదలాలి. క్రింద గోడలో కూడా జాలీతో చిన్న రంధ్రం ఉంచాలి. పాత డంగు సున్నపు కట్టడమైతే పగుళ్ళను సున్నంతోనే పూడ్చాలి. సిమెంటు తేమను లోపలే బంధిస్తుంది.

ఇక అసలు భయపడవలసిన విషయం వేరొకటి ఉంది. చలికాలంలో బాలింత కోసమో, వృద్ధుల కోసమో గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసుకొనే అలవాటు మనలో ఇంకా పోలేదు. “పొగగొట్టం ఉంది కదా” అన్న ధీమా దానికి తోడవుతుంది. ఏళ్ళ తరబడి వాడని గొట్టం గూళ్ళతో, రాలిన ఇటుక ముక్కలతో పూడిపోయి ఉండవచ్చు. పైగా కణకణలాడే బొగ్గు నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే ప్రాణాలు కోల్పోతారు. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ ఇంటివారితో సహా కాలిపోయినప్పుడు, నిప్పు మీకు శత్రువని, నిద్రించే ముందు దానిని ఆర్పివేయాలని దైవప్రవక్త (స) బోధించిన విషయం సహీహ్ బుఖారీలో ఉంది. ఈ ఆదేశం వెనుక ఉన్న కారణం హాని భయమేనని ఇమామ్ నవవీ (రహ్మ) వివరించారు. ఆ హాని మంటతోనే వస్తుందని ఎందుకు అనుకోవాలి? కంటికి కనిపించని విషవాయువుకు ఈ ఆదేశం ఇంకా ఎక్కువగా వర్తిస్తుందని నా అభిప్రాయం.

గ్యాసు విషయంలోనూ ఇటువంటి అపోహే ఉంది. సిలిండరు లీకైతే గ్యాసు పొగగొట్టం గుండా పైకి పోతుందని కొందరు నమ్ముతారు. వంటగ్యాసు గాలికంటే బరువైనది. అది నేలబారుగా పరచుకుంటుంది. కనుక వంటగదిలో నేలకు దగ్గరగా గాలిదారి ఉండాలి. ఎత్తులో ఉన్న పొగగొట్టం ఆ పని చేయదు. కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ చిమ్నీ గొట్టాన్ని ఈ పాత దానికి కలపడం కూడా ప్రమాదమే. ఎండిన మసి మీద నూనె జిడ్డు పేరుకుంటే ఒక్క నిప్పురవ్వ చాలు.

అన్నదమ్ముల పంపకాలలో పొగగొట్టం ఉమ్మడి గోడలో పడితే చిక్కు మరింత పెరుగుతుంది. ఒకరు తమ వైపు క్రింది భాగాన్ని తొలగించి అల్మారా కట్టుకుంటారు. పైనున్న ఇటుకల బరువంతా ఆధారం లేకుండా వ్రేలాడుతుంది. అది కూలేది ఎవరి పిల్లల మీదనో! ఇతరులకు హాని చేయరాదన్న ధర్మసూత్రం ఫిఖ్హ్ గ్రంథాలకే పరిమితం కాదు. ఇంజనీరుకు చూపించి, ఇరుపక్షాల అంగీకారంతో పైనుండి క్రిందికి విప్పించడమే పద్ధతి.

విప్పే ముందు లోపల ఏముందో చూడాలి. తేనెటీగలుంటే గడ్డి మంట పెట్టి తరిమేవారున్నారు. ఇది మసి అంటుకొనే ప్రమాదం ఒక్కటే కాదు. ప్రయాణంలో సహాబాలు ఒక పిట్ట పిల్లలను పట్టుకొన్నప్పుడు వాటిని తల్లికి తిరిగి ఇచ్చివేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆ సందర్భంలోనే చీమల పుట్టను కాల్చడాన్ని కూడా వారించారు. అబూ దావూద్ సంకలనంలో ఈ రెండు సంఘటనలు ఒకే హదీసులో వస్తాయి. తేనెపట్టు తీసే పని తెలిసినవారిని పిలిపించండి. పిచ్చుక గూడైతే గుడ్లు పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు పడుతుంది. మేస్త్రీని ఒక నెల ఆగి రమ్మంటే సరిపోతుంది. గూడు ఖాళీ అయిన తరువాత టోపీ క్రింది సందుకు, చిటికెనవేలు మాత్రమే దూరే జాలీ బిగించండి.