అడవి పెరిగినదా? పాత అడవి తరిగినదా?

“కలప నరుకుడుతో పాత అడవులు తరిగిపోవుచున్నవి” అని ఒకరు, “లెక్కల ప్రకారము అడవి పెరుగుచునే ఉన్నది గదా” అని మరొకరు రచ్చబండ వద్ద వాదించుకొనుట మీరు వినియే ఉందురు. ఇద్దరి మాటలోను నిజము కలదు. ఇద్దరును వేర్వేరు వస్తువులను కొలుచుచున్నారు.

మన దేశపు అడవులను భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహ చిత్రములతో లెక్కగట్టుచున్నది. దాని 2023 నివేదిక ప్రకారము అడవి 7,15,343 చదరపు కిలోమీటర్లు. అనగా దేశ భూభాగములో 21.76 శాతము. ఒక హెక్టారు గాని అంతకు మించి గాని ఉన్న స్థలములో కొమ్మల నీడ నూటికి పది పాళ్లు నేలను కప్పినచో అది అడవి క్రింద జమ. చెట్టు ఏ జాతిదైనను, భూమి ఎవరిదైనను సరే. మామిడితోట, జామాయిలు తోట కూడ అందు చేరును. కనుక ఒకచోట వందేండ్ల అడవి పోయి, మరొకచోట అంతే జామాయిలు ఎదిగినచో మొత్తము అంకె తగ్గదు.

నరుకుడు చేయు నష్టము విస్తీర్ణములో సులభముగా కానరాదు. కూపులో పెద్ద మద్దులు, వేగిసలు ఏరి కొట్టినను మిగిలిన చెట్ల నీడ వలన అది అడవిగానే లెక్కకు వచ్చును. కాని తొర్రలలో గూడు పెట్టు పక్షులకు చోటు, మేలైన విత్తనము ఇచ్చు తల్లిచెట్లు పోవును. రాలిన ఆకులు వాన దెబ్బను ఆపి నీటిని ఇంకించును. నేల బోసిపోయినచో మట్టి కొట్టుకొని వచ్చి మీ చెరువులోనే మేట వేయును.

నరుకుడు ఒక్కటే దోషి అనుటయు సరికాదు. ప్రపంచమంతట అడవి నేల పోవుటకు పెద్ద కారణము సాగు, మేత భూముల విస్తరణ. మనకు నిప్పు, గనులు, జలాశయములు కూడ తోడైనవి. 1980 అటవీ సంరక్షణ చట్టము, 1996 డిసెంబరు 12 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు నరుకుడుకు హద్దులు పెట్టినవి.

రైతు సోదరులారా! పరిశ్రమలు తమ ముడిసరుకును రైతుల వద్దనుండి సమకూర్చుకొనవలెనని 1988 జాతీయ అటవీ విధానము చెప్పినది. మీ పొలములో పెరిగిన సరుగుడు, సుబాబుల్, గట్టుమీది టేకు అడవిపై బరువు తగ్గించును. నాటుటకు ముందే కొనుగోలుదారును, ధరను, టేకు వంటి కలపకు రవాణా అనుమతిని విచారించుకొనుడు.

గ్రామాధికారులకు ఒక మనవి. అడవి అంకె వినినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు: అది సహజమైనదా, నాటినదా? నీడ నూటికి 70 పాళ్లు దాటినదా, 40 లోపా? చెట్ల వయస్సెంత? వేసవిలో కొండకు నిప్పు సోకకుండ కాపలా ఏర్పాటు చేయుడు. తోటను అయిదారేండ్లలో తిరిగి పెంచవచ్చును. పాత అడవిని మన మనుమలు కూడ తిరిగి చూడలేరు.