బావి గోడలలో భూమి చరిత్ర

పుణె నుండి మచిలీపట్నమునకు పోవు 65వ జాతీయ రహదారి కర్ణాటకమును దాటి తెలంగాణమున ప్రవేశించుచోట చిరాగ్‌పల్లి గ్రామము కలదు. అచ్చటినుండి జహీరాబాదు వైపు వచ్చువారికి ఒకచోట ఎర్రనేలలు, మరియొకచోట నల్లరేగడి చేలు కనిపించును. ఈ ప్రాంతమున బావి త్రవ్వినప్పుడు పలుచోట్ల మొదట ఎర్రమట్టి, పిమ్మట ఇటుకను పోలిన ఎర్రరాయి, ఇంకను లోతునకు పోయినచో నల్లని గట్టిరాయి బయల్పడును. ఒకే ఊరి నేలలో ఇన్ని రంగులు ఏల? ఈ చిన్న ప్రశ్ననుండి బయలుదేరిన విచారణ, భూమిపై రాక్షసబల్లులు ఏల నశించినవి అను మహాసమస్య వరకు పోయినది. బావులు, చెరువులు, బాటలు త్రవ్వించు బాధ్యత పంచాయతీలపై నున్నది గనుక, సభ్యులు దీనిని తెలిసికొనుట అవసరమని మేము తలంచుచున్నాము.

నల్లరాయి పుట్టుక

ఆ నల్లరాయి పేరు బసాల్టు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను ప్రాంతమున నేల పొడవుగా పగిలి, ఆ పగుళ్ళనుండి కరిగిన రాయి వెల్లువవలె పొంగి ప్రవహించినది. అది చల్లారి గట్టిపడిన తరువాత దానిపై మరియొక ప్రవాహము వచ్చినది. ఇట్లు పొరపై పొర పేరుకొనుటచే కొండచరియలు మెట్లవలె కనిపించును. స్వీడిష్ భాషలో మెట్టు అను అర్థముగల మాటనుండి వీనికి 'దక్కను ట్రాపులు' అను పేరు వచ్చినది. నేడును ఇవి సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి యున్నవి. పడమటి కనుమలలో వీని మందము 2 కిలోమీటర్లకు మించును. జహీరాబాదు సీమ వీని అంచున నుండుటచే ఇచ్చట పొరలు పలుచన. రాజమహేంద్రవరము చెంత కూడ ఇట్టి రాయియే కలదు.

బసాల్టు శిథిలమై నల్లరేగడి యేర్పడినది. యుగములతరబడి వానలు కురిసి, రాతిలోని ఇతర పదార్థములు కరగిపోగా, ఇనుము, అల్యూమినియము మిగిలినచోట ఎర్రరాయి యేర్పడినది. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ అను నాతడు కేరళలోని ఇట్టి రాతికి లాటరైటు అని పేరుపెట్టెను. లాటిను భాషలో ఆ మాటకు మూలము ఇటుక.

రాతి వయస్సును తెలిసికొను విధము

ఇన్ని కోట్ల సంవత్సరములని ఎట్లు చెప్పగలరు అని సభ్యులు అడుగవచ్చును. ప్రమిదలో పోసిన నూనె ఎంతయో, గంటకు ఎంత ఖర్చగునో తెలిసినచో, మిగిలిన నూనెను చూచి దీపమును ఎప్పుడు వెలిగించిరో చెప్పవచ్చును. కొన్ని ఖనిజములలోని యురేనియము అట్లే నియమితమైన వేగముతో సీసముగా మారుచుండును. మిగిలిన యురేనియమును, పుట్టిన సీసమును కొలిచి శాస్త్రజ్ఞులు రాతి వయస్సును గణింతురు.

రాక్షసబల్లుల అంతము

ఆ కాలముననే రాక్షసబల్లులు, వానితోపాటు అనేక జీవజాతులు నశించినవి. 1980లో అమెరికా శాస్త్రజ్ఞులైన లూయీ అల్వారెజ్, ఆయన కుమారుడు వాల్టర్, వారి సహచరులు ఇటలీలోని ఒక పలుచని మట్టిపొరను పరీక్షించిరి. భూమి పైపొరలో మిక్కిలి అరుదైన ఇరిడియము అను లోహము ఆ పొరలో దాని పైక్రింది పొరలకన్న సుమారు 30 రెట్లు హెచ్చుగా నున్నది. ఆకాశమునుండి పడు ఉల్కలలో ఈ లోహము అధికము. కావున సుమారు 10 కిలోమీటర్ల వెడల్పుగల గ్రహశకలము భూమిని తాకినదని వారు చెప్పిరి. 1991లో మెక్సికోలోని చిక్సులుబ్ చెంత, భూగర్భమున మరుగుపడియున్న సుమారు 180 కిలోమీటర్ల గొయ్యియే ఆ దెబ్బ తగిలినచోటు అని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

అయినను దక్కను ప్రవాహములతో వెలువడిన గంధకవాయువు, బొగ్గుపులుసు వాయువు వాతావరణమును చెరచి యుండవచ్చునని కొందరు వాదించిరి. 2019లో అమెరికాలోని రెండు బృందములు వేర్వేరు పద్ధతులతో దక్కను రాళ్ళ వయస్సును కొలిచినవి. జీవనాశమునకు ముందును, తరువాతను కూడ ఈ ప్రవాహములు సాగినవని రెండును తేల్చినవి. కాని ఎంత రాయి ఎప్పుడు వెలువడినది అను విషయమున అవి ఏకీభవింపలేదు. గ్రహశకలమే ముఖ్యకారణమని నేడు పెక్కుమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము. దక్కను ప్రవాహముల పాత్ర ఎంత అను చర్చ మాత్రము ఇంకను సాగుచున్నది.

నస్కల్‌లో దొరికిన పళ్ళు

ఒక ప్రవాహమునకు, మరియొక ప్రవాహమునకు నడుమ దీర్ఘకాలము విరామ ముండెడిది. అప్పుడు పల్లములలో నీరు నిలిచి, చెరువులేర్పడి, చేపలు, కప్పలు, నత్తలు పెరిగెడివి. వాని అవశేషములు నల్లరాతి పొరల నడుమ మెత్తని మట్టిపొరలలో నిలిచిపోయినవి. వికారాబాదు ప్రాంతమునందలి నస్కల్ గ్రామము చెంతగల ఇట్టి పొరలో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అను భారతీయ శాస్త్రజ్ఞులు ఒక చిన్న క్షీరదపు పళ్ళను కనుగొని, 1988లో ప్రకటించిరి. దక్కను పేరుమీదుగా దానికి డెక్కనోలెస్టిస్ అని నామకరణము చేసిరి. క్రెటేషియసు యుగమునాటి క్షీరదము మనదేశమున దొరకుట అదే మొదలు. కొద్ది మిల్లీమీటర్ల ఆ పళ్ళు, మట్టిని నీట నానవేసి, సన్నని జల్లెడలలో కడిగి, సూక్ష్మదర్శినితో ఓపికగా వెదకువారికే చిక్కును.

అట్టి మట్టిపొరను యంత్రముతో ఎత్తి బాటపై పోసినచో, దానిలోని సాక్ష్యము తిరిగి రాదు. ఇదియే మేము సభ్యులకు ముఖ్యముగా చెప్పదలచిన మాట.

పంచాయతీలు చేయదగిన పని

ఈ విజ్ఞానము నీటికిని అక్కరకు వచ్చును. గట్టి బసాల్టులో నీరు స్వల్పము. దాని పగుళ్ళలోను, శిథిలమైన భాగములోను, రెండు ప్రవాహముల సందులలోను నీరు నిలుచును. పొరుగుననున్న బీదరులో బహమనీ సుల్తానుల కాలమున, ఎర్రరాతి నేలలో ఇంకిన నీటిని భూగర్భ సొరంగముల ద్వారా తెచ్చికొనిరి. పొరల స్వభావము నెరిగినవారే అట్టి పనిని చేయగలరు.

కావున పంచాయతీలో ఒక పుస్తకము నుంచి, క్రొత్తగా బావి త్రవ్వినప్పుడెల్ల ఎంత లోతున ఏ రంగు మట్టి, ఏ రాయి వచ్చినదో, నీరు ఎచ్చట పడినదో వ్రాయించుట మంచిది. ప్రతి పొరనుండి గుప్పెడు మట్టిని సంచిలో కట్టి, లోతును తెలుపు చీటీ నుంచవలెను. ఈ లెక్క భూగర్భజల శాఖవారికిని, ముందు బావి త్రవ్వదలచిన రైతునకును ఉపయోగపడును. నత్తగుల్లలు, ఎముకలవంటి రాళ్ళు కనిపించినచో అచ్చట పని నిలిపి, తహసీల్దారునకు తెలిపి, హైదరాబాదులోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ కార్యాలయమునకు వ్రాయింపవలెను.

నస్కల్ పళ్ళు ఏ రాజధానిలోనో దొరకలేదు. మన గ్రామమువంటి గ్రామము చెంతనే దొరికినవి. రేపు గడ్డపార తగులు పొరలో ఏమి యున్నదో చూచి, చెప్పగలవారు ముందుగా ఆ గ్రామస్థులే.